సాలూరి రాజేశ్వరరావు గారు – అన్ని వాద్యాలూ అంటిన చేయి

సావనీరుకు ఏదైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, ఫిజిక్సు విద్యార్థిని కాబట్టి ఏ సర్ సి.వి. రామన్ గారి గురించో రాస్తాననుకున్నారు. నేను సాలూరి రాజేశ్వరరావు గారి మీద రాస్తానంటే ఒకాయన నవ్వాడు కూడా. సినిమా పాటల ఆయనకూ, సైన్సు కాలేజీకీ ఏం సంబంధం అని అతని అనుమానం. సంబంధం ఉంది. ఆ రామన్ గారే మన మృదంగం, తబలాల శబ్దం మీద 1920లోనూ, 1934లోనూ పరిశోధనా వ్యాసాలు ప్రకటించారు. తోలు మూత మధ్య నల్లటి కరణం ఎందుకు పెడతారో, దానివల్ల ఆ మూతకు శ్రుతి ఎలా వస్తుందో భౌతికశాస్త్రం చెప్పగలదని నిరూపించిన మహానుభావుడాయన. సరే, అది వేరే వ్యాసం.

నాది కొల్లిపర. కృష్ణ ఒడ్డున పసుపు, అరటి, కంద పండించే ఊళ్ళు మావి. మా తాతయ్య రామాలయం భజనలో హార్మోనియం వాయించేవాడు. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, రెండు మెట్లు పలకవు. ఏడో తరగతిలో దాని మీద వేళ్ళు పెట్టాను. తొమ్మిదిలో తబలా. ఇంటర్మీడియట్‌లో ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత మాండలిన్ కొన్నాను. కాలేజీకి వచ్చాక మన ఆర్కెస్ట్రాలో కీబోర్డు. ఏదీ పూర్తిగా రాదు, అన్నీ కొంచెం కొంచెం వచ్చు. ఇది మా నాన్నకు అసలు నచ్చదు. పది చోట్ల కౌలుకు తీసుకున్నవాడు ఒక్క చేనుకీ సరిగ్గా నీళ్ళు పెట్టలేడని ఆయన సిద్ధాంతం. వ్యవసాయంలో అది నిజమే, కాదనలేను.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలారు. మా లంక పొలంలో అరటి, పసుపు రెండూ మునిగాయి. నీళ్ళు తీశాక అరటి చెట్లు నిలబడే ఉన్నాయి కానీ లోపల కుళ్ళిపోయాయి. పసుపు దుంప మెత్తబడింది. ఆ పదిరోజుల్లో ఒక రాత్రి మా నాన్న, ఇకనుంచి పాటల పనులు మానేసి ఎమ్మెస్సీ ఎంట్రన్సు చూసుకోమన్నాడు. లేదా వాయిద్యమే కావాలంటే ఏదో ఒకటి పట్టుకుని అందులో పైకి రమ్మన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అన్నీ నేర్చుకునేవాడు చెడిపోతాడా? ఎవరైనా అలా బతికి నెగ్గిన మనిషి మన తెలుగుదేశంలో ఉన్నాడా? వెతగ్గా వెతగ్గా రాజేశ్వరరావు గారు దొరికారు. దొరికారనడం కూడా తప్పే. పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో రేడియోలో ఆయన ఉన్నారు, పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఆయన 1922 అక్టోబరు 11న సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. అదే ఏడాది డిసెంబరులో ఘంటసాల గారు కూడా పుట్టారు. ఒకే ఏడాది ఇద్దరిని కన్న భాష మనది. రాజేశ్వరరావు గారి తండ్రి సన్యాసిరాజు గారు పాటలు రాసేవారు, మృదంగం వాయించేవారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలుకు పక్కవాద్యం వాయించిన చేయి ఆయనది. కాస్త దూరంలో విజయనగరం. అక్కడ 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రధానాధ్యాపకులుగా సంగీత కళాశాల మొదలైంది. గాలిలోనే సంగీతం ఉన్న చోటు అది. పిల్లవాడు బడికి వెళ్ళేకంటే ముందే రాగాలు గుర్తుపట్టేవాడని చెప్పుకుంటారు. తండ్రి మృదంగం ఇంట్లో ఉంది, హార్మోనియం ఉంది, తబలా ఉంది. ఏది దొరికితే దాని మీద పడ్డాడు. నాకు ఇక్కడే మొదటి ధైర్యం వచ్చింది. ఆ ఇంట్లో ఆయన్ను ఆపి, ఒకటే పట్టుకోమన్నవాళ్ళు ఉన్నట్టు లేదు.

పదీ పన్నెండేళ్ళ వయసులోనే హచిన్స్ కంపెనీ వాళ్ళు ఆయన చేత గ్రామఫోను రికార్డులు పాడించారు. ఆ రోజుల్లో రికార్డంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క పళ్ళెం, ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే ఎత్తుకోవాలి, మెప్పించాలి, దించాలి. ఆ లెక్క చిన్నతనంలోనే ఒంటబట్టినందువల్లనేమో, తర్వాత ఆయన సినిమా పాటల్లో వృథాగా పోయే స్వరం ఒక్కటి కనబడదు.

ఆ రికార్డుల గొంతు విని మద్రాసు పిలిచింది. వేల్ పిక్చర్స్ వారి ‘శ్రీకృష్ణ లీలలు’ 1935లో వచ్చింది. బాలకృష్ణుడు ఈయనే. కంసుడు వేమూరి గగ్గయ్య గారు. గగ్గయ్య గారు పద్యం ఎత్తుకుంటే హాలు అదిరేదంటారు. అటువంటి గొంతుకు ఎదురుగా పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడు నిలబడి పాడి, జనం చేత శభాష్ అనిపించుకున్నాడంటే ఆలోచించండి. మరుసటి ఏడాది ‘మాయాబజార్’, అంటే పాత ‘శశిరేఖా పరిణయం’లో అభిమన్యుడు. ఈ లెక్కన పోతే ఆయన నటుడే అయ్యేవాడు. కానీ సినిమా పని మీదే కలకత్తా వెళ్ళడం, అక్కడ కొంతకాలం ఉండిపోవడం ఆయన దారి మార్చేసింది.

అప్పటి కలకత్తా అంటే న్యూ థియేటర్స్. ఆర్.సి. బోరల్, పంకజ్ మల్లిక్, కె.ఎల్. సైగల్ ఉన్న చోటు. మన దేశంలో ముందుగా పాట రికార్డు చేసి, తర్వాత దానికి నటుడు పెదవులు కదిపే పద్ధతి 1935లో అక్కడే, ‘భాగ్యచక్ర’ అనే బెంగాలీ చిత్రంతో మొదలైంది. సంగీతం బోరల్ గారిది. అంతవరకూ నటుడే కెమెరా ముందు పాడాలి, వాద్యాలవాళ్ళు కెమెరాకు కనబడకుండా ఎక్కడో నక్కి వాయించాలి. ఈ కొత్త పద్ధతితో వాద్యాలకు స్వేచ్ఛ వచ్చింది. ఎంతమందినైనా కూర్చోబెట్టవచ్చు, మైకు దగ్గరికీ దూరానికీ జరపవచ్చు. అక్కడ ఈ సాలూరి కుర్రవాడు హిందుస్తానీ గానం మెళకువలు పట్టాడు, రవీంద్ర సంగీతం విన్నాడు. పాశ్చాత్య వాద్యాలూ మన వాద్యాలూ ఒకే గదిలో ఎలా సర్దుకుంటాయో చూశాడు. సైగల్ గారి దగ్గర నేర్చుకున్నారని ఆయన గురించి రాసినవాళ్ళందరూ చెబుతారు. సితార్, సుర్‌బహార్, పియానో, మాండలిన్, తర్వాత ఎలక్ట్రిక్ గిటారు కూడా ఆయన వాయించిన జాబితాలో ఉన్నాయి. హార్మోనియం, తబలా, మృదంగం, ఢోలక్ సరేసరి.

సుర్‌బహార్ చాలామందికి తెలియదు కాబట్టి ఒక మాట. సితార్‌కు పెద్దన్నలాంటిది అది. కాయ పెద్దది, మెడ వెడల్పు, తీగలు లావు, అందుకని నాదం కిందికి, మంద్రంలోకి దిగుతుంది. ఇక సితార్‌లో వాయించే తీగల కింద సన్నటి తీగలు ఇంకో వరస ఉంటాయి. వాటిని ఎవరూ మీటరు. పైతీగ ఏ స్వరం పలికితే, ఆ స్వరానికి శ్రుతి చేసిన కింది తీగ దానంతటదే కదులుతుంది. మన ల్యాబులో సోనోమీటరు ప్రయోగం చేసిన వారందరికీ ఇది తెలుసు. ట్యూనింగ్ ఫోర్కు కాండాన్ని పెట్టె మీద ఆనించి, తీగ పొడవు సరిపోయేలా మెట్లు జరుపుతూ ఉంటే, ఒక చోట తీగ మీద పెట్టిన కాగితపు ముక్క ఎగిరి పడుతుంది. మొదటిసారి అది ఎగిరినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నా పార్ట్‌నర్ మాత్రం రీడింగ్ రాసుకోమని కసిరాడు.

నా ఉద్దేశంలో రాజేశ్వరరావు గారికి ఆ వాద్యాలన్నీ ఇలాగే పనిచేశాయి. ఒకటి మీటుతుంటే మిగిలినవన్నీ లోపల పలికేవి. మాండలిన్‌కు ఒక వరస ఇస్తున్నప్పుడు ఆ చేతికి ఏది సుఖమో, ఏది కష్టమో ఆయనకు సొంత వేళ్ళ ద్వారా తెలుసు. ఢోలక్ ఎక్కడ ఆగితే పాట ఊపిరి తీసుకుంటుందో తెలుసు. కాగితం మీద రాసి ఇచ్చే సంగీత దర్శకుడికీ, ఆ వాద్యం పట్టి చూసిన సంగీత దర్శకుడికీ ఈ తేడా ఉంటుంది. ఇది నా ఊహ అనుకున్నా సరే, ఆయన పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యం ముక్కలు వినండి. పాట ఆగిపోయి, వాద్యం వాయించి, మళ్ళీ పాట మొదలైనట్టు ఉండదు. పాడేవాడు ఒక అడుగు పక్కకు జరిగి ఇంకొకరికి చోటిచ్చినట్టు ఉంటుంది.

1938లో మద్రాసు తిరిగి వచ్చారు. 1939లో ‘జయప్రద’కు సంగీతం సమకూర్చేనాటికి ఆయన వయసు పదిహేడు. నేను పదిహేడేళ్ళకు ఎంసెట్ ర్యాంకు రాక బీయస్సీలో చేరాను! 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘ఇల్లాలు’లో నటించి, రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి పాడారు. ఆ జంట గొంతులు జనానికి పిచ్చిగా నచ్చాయి. సినిమాతో పనిలేకుండా విడిగా రికార్డులు చేశారు. మనం ఇప్పుడు లలిత సంగీతం అంటున్నామే, అది తెలుగులో ఇల్లిల్లూ చేరడానికి ఆ రికార్డులే పెద్ద కారణం. కచేరీ కాదు, నాటకం పద్యం కాదు, సినిమా కథతో ముడిపడింది కాదు. ఒక చిన్న కవిత, ఒక మెత్తని వరస, రెండు మూడు వాద్యాలు. ఇంతే. గ్రామఫోను పెట్టె ఉన్న ఇంటి అరుగు మీద ఊరంతా కూర్చుని విన్నారట. ఈ రోజుల్లో సొంతంగా పాట కట్టి సెల్‌ఫోనులో పెట్టే మా వయసు కుర్రవాళ్ళు అదేదో కొత్త అనుకుంటారు.

తర్వాత జెమినీ స్టూడియో. ఎస్.ఎస్. వాసన్ గారి సంస్థలో ఆయన కొలువు సుమారు ఎనిమిదేళ్ళు నడిచింది. 1942లో ‘బాలనాగమ్మ’, అందులో మన తెనాలి ప్రాంతపు కాంచనమాల గారు. 1948లో ‘చంద్రలేఖ’. ఏళ్ళ తరబడి తీసిన సినిమా అది, అప్పటికి దేశంలో అంత ఖర్చుతో తీసినది లేదంటారు. చివర్లో మనుషుల కంటే పెద్ద ఢంకాలు వరసగా పేర్చి, వాటి మీద నర్తకీమణులు ఎక్కి చేసే నాట్యం ఇప్పటికీ పేరున్నదే. ఆ చిత్రానికి ఎం.డి. పార్థసారథి గారు కూడా సంగీతంలో పాలుపంచుకున్నారు. కర్ణాటకం, హిందుస్తానీ, పాశ్చాత్యం అన్నీ ఒకే సినిమాలో వినబడతాయి. ఇదంతా ఇరవై ఆరేళ్ళ లోపు మాట.

కానీ రాజేశ్వరరావు గారి పేరు చెప్పగానే పెద్దలు కళ్ళు మూసుకునేది ‘మల్లీశ్వరి’కి. వాహినీ వారిది, 1951 డిసెంబరులో విడుదల. బి.ఎన్. రెడ్డి గారి దర్శకత్వం. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మొదటిసారి సినిమాకు రాశారు. భానుమతి గారు, ఘంటసాల గారు పాడారు. వాద్యబృందం నిర్వహణలో అద్దేపల్లి రామారావు గారు సహకరించారు. రాయల కాలపు కథకు రాజాస్థానం సంగీతం ఒకవైపు, ఎడ్లబండి మీద పోయే పల్లెటూరి పిల్లల పాట ఇంకోవైపు. రెండిటినీ ఒకే మనిషి, ఒకే మనసుతో చేశాడు. వరసలు కట్టడానికి నెలల తరబడి కూర్చున్నారంటే ఆశ్చర్యం లేదు. 1953లో ఆ చిత్రాన్ని చైనాలో కూడా ప్రదర్శించారు. మా నాయనమ్మ దాన్ని చిన్నప్పుడు తెనాలి వెళ్ళి చూసింది. కథ కొంత మరిచిపోయింది గానీ, వాన పడే పాట వరస మాత్రం అరటి ఆకులు చీలుస్తూ ఇప్పటికీ తీస్తుంది. మాటలు రావు, వరస వస్తుంది. సంగీత దర్శకుడికి ఇంతకంటే బిరుదు అవసరమా అనిపిస్తుంది నాకు.

‘విప్రనారాయణ’ 1954లో, ‘మిస్సమ్మ’ 1955లో. ‘మిస్సమ్మ’ నిర్మాత చక్రపాణి గారు మన తెనాలి ఐతానగరం వారు, నాయిక సావిత్రి గారు మన గుంటూరు జిల్లా చిర్రావూరు వారు. ఈ మాట మా కొల్లిపరలో చెబితే సినిమా అంతా మనదే అన్నంత గర్వం. ఎ.ఎం. రాజా, పి. లీల గార్ల గొంతుల్లో ఆ పాటలు ఎంత తేలిగ్గా ఉంటాయో, హార్మోనియం మీద వాయించడానికి పూనుకుంటే అంత మొండికేస్తాయి. వినడానికి వెన్నెల, పట్టుకుందామంటే చేతికి రాదు. ఇదే చిత్రం తమిళంలో ‘మిస్సియమ్మ’గా వచ్చినప్పుడూ సంగీతం ఆయనదే.

1962లో ‘కులగోత్రాలు’. పేకాటలో జేబులు ఖాళీ చేసుకున్నవాళ్ళ పాట ఉంది అందులో. రాసినవారు బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి గారు. జానపదం అంటే కొసరాజు గారే. రైతు నోటిలో మాట రైతు నోటిలో ఉన్నట్టే రాసేవారు. పాడింది మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు గార్లు. సితార్, సుర్‌బహార్ వాయించిన చేయి, కృష్ణశాస్త్రి గారి మాటకు పట్టు తొడిగిన చేయి, ఇక్కడ పక్కా వీధి తాళం వేసింది. ఎక్కడా నామోషీ పడలేదు, వెటకారమూ చెయ్యలేదు. నా మట్టుకు ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప విషయం ఇదే. ఎన్నో వాద్యాలు వచ్చినవాడికి తక్కువ వాద్యం, ఎక్కువ వాద్యం అనే పట్టింపు పోతుందేమో.

1964లో ‘అమరశిల్పి జక్కన’, ‘డాక్టర్ చక్రవర్తి’, ‘బొబ్బిలి యుద్ధం’ మూడూ ఆయనవే. 1966లో ‘రంగులరాట్నం’, బి. గోపాలం గారితో కలిసి. 1967లో ఎ.వి.ఎం. వారి ‘భక్త ప్రహ్లాద’, అందులో నారదుడుగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు.

అయితే అంతా పూలబాట అనుకోవద్దు. అప్పటి నిర్మాతల్లో చాలామందికి హిందీలో ఆడిన వరస తెలుగులోకి కావాలి. ఎంత సొంత సరుకున్నవాడైనా ఆ పని చేయక తప్పని రోజులవి. రాజేశ్వరరావు గారి జాబితాలోనూ అటువంటివి లేకపోలేదు. దాచిపెట్టి పొగడటం నాకు ఇష్టం లేదు. 1970లు వచ్చేసరికి పాట వేగం మారింది, అవకాశాలు తగ్గాయి. 1977లో ‘కురుక్షేత్రం’ వంటివి మధ్యమధ్య వచ్చాయి. 1979లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ ఇచ్చి గౌరవించింది. 1986లో ‘తాండ్ర పాపారాయుడు’కు సంగీతం ఇచ్చారు. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే బొబ్బిలి కథ, అదే తన పుట్టిన సీమ. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది. 1999 అక్టోబరులో కన్నుమూశారు. నేను పుట్టడానికి చాలా ముందు.

ఆయన కుమారుల్లో ఒకరు పియానో పట్టారు, ఒకరు గిటారు పట్టారు. కోటి గారు, టి.వి. రాజు గారి అబ్బాయి రాజ్ గారితో జతకట్టి మా అమ్మానాన్నల కాలం సినిమాలకు పాటలు కట్టారు. తండ్రి ఒక్కడి చేతిలో ఉన్న వాద్యాలు పిల్లలకు తలా ఒకటి పంచుకున్నట్టు అయింది.

ఈ ఫిబ్రవరిలో సెలవలకు ఇంటికి వెళ్ళాను. మెరక చేలో మిగిలిన కాస్త పసుపు తవ్వారు. కల్లంలో బాయిలర్ పెట్టి ఉడకబెడుతున్నారు, ఆవిరి వాసన ఒంటికి పడితే రెండు రోజులు పోదు. దుగ్గిరాల యార్డులో ధర ఎలా ఉందో కనుక్కోమని మా నాన్న ఫోను నాకిచ్చాడు. కనుక్కున్నాక, కొసరాజు గారి ఆ పేకాట పాట పెట్టాను. మా నాన్నకు ఆ పాట ఇష్టం. కొమ్ములు తిరగేస్తూ ఆయన కాలు తాళం వేస్తోంది. సంగీతం ఎవరిదో తెలుసా అని అడిగితే ఘంటసాల గారిదేమో అన్నాడు. కాదని చెప్పి, ఎవరో, ఏ ఊరో, పదిహేడేళ్ళకే ఏం చేశారో అంతా చెప్పాను. ఆయనకు ఎన్ని వాయిద్యాలు వచ్చురా అని అడిగాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. రెండో చేతిలోకి వెళ్ళాను.

మా నాన్న ఏమీ అనలేదు. పార తీసుకుని రాశి అవతలి వైపుకు నడిచాడు. సాయంత్రం తెనాలి వెళుతూ, నా మాండలిన్‌కు తెగిన తీగ ఏ నెంబరుదో కాగితం మీద రాసిమ్మన్నాడు.